సెకండ్ హ్యాండ్ పెర్ఫార్మెన్స్ కారు: తరుగుదల భరించాలా, మరమ్మతులు భరించాలా?

చేతిలో 12 లక్షలుంటే పాత కార్ల మార్కెట్లో కాస్త అటూ ఇటుగా మూడు దారులు కనిపిస్తాయి. మూడు నాలుగేళ్ల స్కోడా స్లావియా 1.5 టీఎస్‌ఐ (1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్) గానీ, అదే ఇంజిన్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ గానీ తీసుకోవచ్చు. ఏడెనిమిదేళ్ల స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ తీసుకుని రెండు మూడు లక్షలు మిగుల్చుకోవచ్చు. లేదంటే పదేళ్లు దాటిన బీఎండబ్ల్యూ 3 సిరీస్‌ను ఇంటి ముందు నిలుపుకోవచ్చు. భీమవరం, తణుకు, అమలాపురం వైపు నన్ను సలహా అడిగే కుర్రవాళ్లలో ఎక్కువమంది మనసు మూడోదాని మీదే ఉంటుంది. కొత్తలో 30 లక్షలు దాటిన కారు ఇప్పుడు 12కే వస్తోంది, పడాల్సిన ధరంతా పడిపోయింది, ఇక నష్టమేముంది అని వాళ్ల వాదన.

ఆ వాదన సగమే నిజం. ధర పడడం చాలావరకు నెమ్మదించిన మాట వాస్తవమే. కానీ పడింది కారు ధర మాత్రమే. దాని టర్బో, గేర్‌బాక్సు, షాక్ అబ్జార్బర్లు, హెడ్‌లైట్లు ఇప్పటికీ 30 లక్షల కారు సామాన్లే. వాటి బిల్లూ ఆ లెక్కనే వస్తుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే బేరానికి కూర్చునేటప్పుడు చూడాల్సిన అంకెలు మారిపోతాయి. ఎంతకు కొంటున్నాం అన్నదాని కంటే, నాలుగేళ్లు నడిపి అమ్మేనాటికి జేబులోంచి మొత్తం ఎంత పోతుంది అన్నది ముఖ్యం.

తరుగుదల ముందే కనిపించే ఖర్చు

బీమా కంపెనీలు కారు విలువ కట్టడానికి వాడే పట్టిక ఒకటుంది. కొత్త కారు ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తరిగినట్టు లెక్క. ఐదేళ్లు దాటాక కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ ఒప్పుకుంటారు. మార్కెట్ అచ్చంగా ఈ పట్టిక ప్రకారమే నడవదు. పెట్రోల్ సెడాన్లు ఇంతకంటే వేగంగా పడవచ్చు, ఇన్నోవాలు, ఫార్చ్యూనర్లు ఇంతకంటే గట్టిగా నిలబడతాయి. అయినా ధర పడే తీరు మాత్రం ఇదే: మొదట్లో జోరుగా, తర్వాత మెల్లగా.

దీనిలో మనకు అనుకూలమైన సంగతేమిటంటే, తరుగుదల దాదాపు ముందే తెలిసిపోతుంది. ఈ రోజు మూడేళ్ల కారు ఎంత, ఏడేళ్ల కారు ఎంత అని చూస్తే నాలుగేళ్లలో ఎంత పోతుందో అంచనా దొరుకుతుంది. పైగా ఆ నష్టం అమ్మే రోజున ఒకేసారి తెలిసేది తప్ప, మధ్యలో ఎవరికీ చెల్లించనక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ మారింది. అంతకు ముందు సెస్సుతో కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉన్న పెద్ద కార్ల పన్ను 40 శాతానికి దిగింది, చిన్న కార్లది 18 శాతం అయింది. కాబట్టి ‘నేను అప్పట్లో ఇంతకు కొన్నాను’ అని అమ్మేవారు చెప్పే పాత ఇన్వాయిసు ధర నుంచి బేరం మొదలుపెట్టకండి. అదే కారు ఈ రోజు షోరూంలో ఎంతకు వస్తుందో అక్కడి నుంచి కిందికి లెక్కపెట్టండి. షోరూంలో మానేసిన మోడలైతే దానికి దగ్గరగా ఉన్న కొత్త కారు ధర చూడండి.

తక్కువ సంఖ్యలో వచ్చిన కార్లకు ఈ లెక్క వర్తించదు. 2020లో ఆక్టేవియాలో ఎక్కువ శక్తి ఉన్న రకం, వీఆర్ఎస్ 245, దేశం మొత్తానికి 200 వచ్చాయి. 2016లో పోలో జీటీఐ కేవలం 99. ఇలాంటివి ఒక స్థాయికి దిగాక ధర పట్టుకుని నిలబడతాయి. అయితే వాటికి గిరాకీ హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉంటుంది. పాలకొల్లులో అమ్మకానికి పెడితే చూసి మెచ్చుకునేవారే గాని అడ్వాన్సు ఇచ్చేవారు దొరకరు.

మరమ్మతు చెప్పి రాదు

పెర్ఫార్మెన్స్ కార్లలో పెద్ద బిల్లు ఎక్కువగా గేర్‌బాక్సు నుంచే వస్తుంది. అందుకే మోడల్ పేరు కంటే ముందు గేర్‌బాక్సు రకం అడగాలి.

ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐలో ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చే ఆటోమేటిక్. దాన్ని మెకానిక్కులు డీక్యూ200 అంటారు. స్లావియా, వర్టస్ 1.5 ఆటోమేటిక్‌లలోనూ ఆ కుటుంబానిదే ఉంది. ఖాళీ రోడ్డు మీద అది గేరు మార్చే వేగం చూస్తే ముచ్చటేస్తుంది. దాని బలహీనతంతా నెమ్మదిగా పాకే చోట. వరికోతల కాలంలో కాలువ గట్టు రోడ్డంతా ఆక్రమించుకుని గడ్డి ట్రాక్టరు వెళ్తుంటుంది. దాటడానికి చోటుండదు, గంటకు ఎనిమిది, పది కిలోమీటర్ల వేగంతో వెనుకే పాకాలి. అప్పుడు క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు. చల్లబరచడానికి నూనె లేని డ్రై క్లచ్ రాసుకుని రాసుకుని వేడెక్కుతుంది. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు కారు వణికిందంటే క్లచ్ అరిగిందనుకోవాలి. డాష్‌బోర్డు మీద గేరు అక్షరాలు మిణుకుమిణుకుమన్నా, హఠాత్తుగా సరి గేర్లు గానీ బేసి గేర్లు గానీ పోయినా అనుమానం గేర్లు మార్చడాన్ని నడిపించే మెకట్రానిక్ యూనిట్ మీదికి వెళ్తుంది. ఆ రెండూ కలిపి మార్చాల్సివస్తే బిల్లు లక్షల్లోనే.

ఆక్టేవియా వీఆర్ఎస్ 230లోని ఆరు గేర్ల డీఎస్‌జీ వేరు. దాని క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి వేడిని బాగా తట్టుకుంటాయి. కాకపోతే ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆ నూనె మార్చిన రుజువు ఉండాలి. రసీదు చూపకుండా ‘మార్పించేశాం’ అంటే మార్చలేదనే అనుకుని, ఆ మేరకు ధర తగ్గించమనండి. స్లావియా 1.5లో మాన్యువల్ గేర్‌బాక్సు మొదట్లోనే వచ్చింది, వర్టస్ జీటీలో 2023లో వచ్చింది. నా ఓటు మాన్యువల్‌కే. క్లచ్ ప్లేటు మార్చడం మన ఊళ్లలో చేయి తిరిగిన మెకానిక్కులకు తెలిసిన పని, డీఎస్‌జీ అలా కాదు.

బీఎండబ్ల్యూ సంగతికి వస్తే, దాని ఎనిమిది గేర్ల జెడ్ఎఫ్ ఆటోమేటిక్ నిజంగా గట్టిది. జీవితాంతం నూనె మార్చనక్కర్లేదన్న మాట నమ్మకండి. 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని గేర్‌బాక్సు తయారుచేసిన జెడ్ఎఫ్ సంస్థే చెబుతుంది. భయపడాల్సింది ఇంజిన్ విషయంలో. 2015 దాకా 3 సిరీస్ డీజిల్ రకం 320డీలో వచ్చిన ఎన్47 ఇంజిన్‌కు, లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ చెయిన్ వెనుకవైపు, గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. ఆ చెయిన్ వదులైతే దాని దగ్గరికి చేరడానికే సగం కారు విప్పాలి. అదే కాలపు ఎన్20 పెట్రోల్ ఇంజిన్‌లో చెయిన్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరిగే ప్రమాదం ఉంది. 2016 నుంచి వచ్చిన బీ47, బీ48 ఇంజిన్లు ఈ విషయంలో ఎంతో నయం. కాబట్టి 3 సిరీస్ తప్ప వేరే వద్దనుకుంటే 2015 కారుకూ 2016 కారుకూ లక్ష రూపాయల తేడా ఉన్నా సరే, రెండోదే తీసుకోండి.

ఆక్టేవియా ఇంజిన్‌లో చూడాల్సింది కూలెంట్. నీళ్ల పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ గూడు కాలక్రమంలో కారుతుంది. బానెట్ ఎత్తి ఇంజిన్ పక్కన గులాబీ రంగు పొర ఎండిపోయి అంటుకుని ఉందేమో టార్చి వేసి వెతకండి.

మన నేల పెట్టే ఖర్చు

పై లక్షణాలు దేశంలో ఎక్కడైనా ఒకటే. గోదావరి డెల్టాలో వాటికి ఇంకొన్ని తోడవుతాయి, నగరాలవారు రాసే సలహాల్లో ఇవి కనిపించవు.

మొదటిది నీళ్లు. 2022 జూలైలో గోదావరి పొంగి కోనసీమ లంకలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోయాయి. అంతకు ముందు 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగాయి. మునిగిన కార్లన్నీ తుక్కుకు వెళ్లవు. శుభ్రం చేయించుకుని, సీటు కవర్లు మార్పించుకుని, మరో జిల్లాలో అమ్మకానికి వస్తాయి. చౌకగా దొరికిన టర్బో కారు చూడగానే మొదట డ్రైవరు సీటు బెల్టును చివరికంటా బయటికి లాగండి. రోజూ వాడే భాగం కడిగి ఉంటారు, లోపల చుట్టుకుని ఉండే చివరి మూర కడగరు. అక్కడ మట్టి చార గానీ, అలల అంచులాంటి మరక గానీ ఉంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు తడమండి, సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి. ఈ కార్లలో కంప్యూటర్ యూనిట్లు ఎన్నో ఉంటాయి. నీళ్లు తాగిన కనెక్టర్లు ఏడాది తర్వాత కూడా ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి.

మీరు కొన్నాక మునిగే ప్రమాదం మరో సంగతి. నీళ్లలో ఆగిన కారును తిరిగి స్టార్టు చేయడం వల్ల ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ కింద క్లెయిమ్ దక్కడం కష్టం. ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు ఉండాలి. ఎన్నేళ్ల కారు వరకు ఆ కవరు ఇస్తారో కొనేముందే మీ బీమా ఏజెంటును అడగండి.

రెండోది ఎలుకలు. వరిచేల మధ్య ఇళ్లున్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. కోతలయ్యాక చేలల్లోని ఎలుకలు ఇళ్లకు, అక్కడి నుంచి వెచ్చగా ఉండే ఇంజిన్ కిందికి చేరతాయి. పాలకొల్లు దగ్గర ఒక కారు బానెట్ ఎత్తితే బ్యాటరీ పెట్టె వెనుక గడ్డిపోచలు, కొబ్బరి పీచు, చిన్న ముక్కలుగా కొరికిన పసుపు, ఎరుపు తీగల తొడుగులు గూడులా కనిపించాయి. ఇంజిన్ బాగానే ఉంది, కొరికిన తీగల కట్ట మార్చడానికే యజమాని తిరగాల్సి వచ్చింది. మామూలు కారులో తెగిన తీగను అతికించి పంపేస్తారు. ఖరీదైన కార్లలో చాలాసార్లు మొత్తం కట్ట మార్చమంటారు.

ఉప్పు గాలి మూడోది. కాకినాడ, నర్సాపురం, అంతర్వేది వైపు ఏళ్ల తరబడి తిరిగిన కారు పైకి మెరుస్తున్నా కింద బ్రేకు పైపులు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు, ఏసీ కండెన్సరు తుప్పు పట్టి ఉంటాయి. చేపలు, రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు పడే రోడ్ల మీద తిరిగినదైతే మరీనూ. లిఫ్టు మీదికి ఎక్కించకుండా ఈ ప్రాంతపు కారు కొనవద్దు.

రోడ్లు, దూరం కూడా లెక్కలోకి రావాలి. రాజమహేంద్రవరం, రావులపాలెం, తణుకు మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏ కారైనా హాయిగానే ఉంటుంది. అక్కడి నుంచి ఊళ్లోకి తిరిగితే నల్లమట్టి మీద వేసిన రోడ్లు అలలు తిరిగి ఉంటాయి, తూముల దగ్గర గతుకులు, అడ్డదిడ్డంగా స్పీడు బ్రేకర్లు. అంచు సన్నగా ఉండే తక్కువ ఎత్తు టైరు అక్కడ చీలితే అతికించలేం. రన్‌ఫ్లాట్ టైరు గాలి పోయినా సుమారు 80 కిలోమీటర్లు మోస్తుంది గానీ, పక్కగోడ చీలితే కొత్తది తెచ్చుకోవాల్సిందే. ఆ సైజు టైరు మన దగ్గరి షాపులో నిల్వ ఉండదు. భీమవరం నుంచి విజయవాడ వంద కిలోమీటర్ల పైమాట. బీఎండబ్ల్యూ ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ లారీ కిరాయి, వర్క్‌షాపులో రోజుల తరబడి వేచి ఉండడం, ఈలోగా తిరగడానికి మరో బండి, ఇవన్నీ మరమ్మతు బిల్లులో భాగాలే.

నాలుగేళ్ల లెక్క వేసి చూద్దాం

కింద వేసిన అంకెలు ఊహించి వేసినవి, మార్కెట్ ధరలు కావు. మీ బేరంలో వచ్చే అసలు అంకెలతో వాటిని మార్చుకోండి. లెక్క తీరు మాత్రం ఇలాగే ఉండాలి.

స్లావియా 1.5 మాన్యువల్ 12 లక్షలకు కొని నాలుగేళ్ల తర్వాత 7కు అమ్మారనుకుందాం. తరుగుదల 5 లక్షలు. సర్వీసింగ్, టైర్లు, బ్రేకులు కలిపి 1.6 లక్షలు. మొత్తం 6.6 లక్షలు. ఆక్టేవియా 1.8ను 9 లక్షలకు కొని 5కు అమ్మితే తరుగుదల 4 లక్షలు, మామూలు ఖర్చులు 2.6 లక్షలు. ఇదీ 6.6 లక్షలే. 30 హార్స్‌పవర్ ఎక్కువ ఇచ్చే, లోపల ఎంతో విశాలమైన కారు అదే ఖర్చుకు దక్కినట్టు. కానీ గేర్‌బాక్సు ఒక్కసారి 2.5 లక్షల పని పెడితే అది 9.1 లక్షలకు చేరుతుంది. 3 సిరీస్ 12 లక్షలకు కొని 6.5కు అమ్మితే తరుగుదల 5.5 లక్షలు, మామూలు ఖర్చులే 4.5 లక్షలు, మొత్తం 10. మధ్యలో 3 లక్షల పెద్ద పని ఒకటి తగిలితే 13 లక్షలు, అంటే కారు కొన్న ధర కంటే ఎక్కువ.

మూడింటిలోనూ తరుగుదల 4 నుంచి 5.5 లక్షల మధ్యే ఉంది. తేడా అంతా మరమ్మతుల్లో వచ్చింది. ధర పడిపోయిన కారు కొని తరుగుదల తప్పించుకున్నామనుకునేవారు నిజానికి తప్పించుకున్నది మహా అయితే లక్ష, కొన్నిసార్లు అదీ ఉండదు.

ఇంకో సంగతి ఎవరూ లెక్కలో వేయరు. కారు పాతబడ్డకొద్దీ తరుగుదల మీ బీమా క్లెయిములోకీ వస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మీరే పెట్టుకోవాలి. ఐదు నుంచి పదేళ్ల కారుకు లోహపు భాగాల మీద 40 శాతం కోత, పదేళ్లు దాటితే 50 శాతం. ఈ కోత లేకుండా చేసే జీరో డెప్ కవరు చాలా కంపెనీలు ఐదేళ్ల లోపు కార్లకే సులువుగా ఇస్తాయి. గేదె అడ్డం వచ్చి బంపరు, హెడ్‌లైటు పోతే, ఆ కవరు తీసుకున్న మూడేళ్ల స్లావియా యజమాని దాదాపు ఏమీ పెట్టుకోడు. పదేళ్ల 3 సిరీస్ యజమాని అదే ప్రమాదానికి పెద్ద మొత్తమే పెట్టుకుంటాడు. అమ్మేవారి నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు మీకు రాదన్నది కూడా గుర్తుంచుకోండి.

మన దగ్గర చాలా ఇళ్లలో రాబడి నెలనెలా రాదు. పంట చేతికొచ్చినప్పుడో, రొయ్యల చెరువు పట్టుబడి పట్టినప్పుడో వస్తుంది. గేర్‌బాక్సు ఆ తేదీ చూసుకుని పాడవదు. మేత బాకీ, విత్తనాల ఖర్చు ఉన్న నెలలో 2.5 లక్షల బిల్లు వస్తే వడ్డీకి తేవాలి, లేదా కారును ఆరు నెలలు షెడ్డులో ఉంచాలి. షెడ్డులో ఉన్న కారు బాగుండదు, ఎలుకల సంగతి పైన చెప్పాను. అందుకే ఆక్టేవియా ఎంచుకునేవారు ఆ మిగిలిన 3 లక్షలను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి ఆ కారు అమ్మేదాకా ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఉండగలిగితే నాకు ఆ కారే ఇష్టం. ఉండలేమనుకుంటే స్లావియా, వర్టస్ మాన్యువల్ వైపు వెళ్లండి. చిన్న కారు చాలనుకుంటే 120 హార్స్‌పవర్ హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కూడా చూడండి, దాని సర్వీసు మన పట్టణాల్లోనే దొరుకుతుంది. 3 సిరీస్ ఎవరికంటే, ఇంట్లో రోజువారీ వాడకానికి మరో కారు ఉండి, నెలలో పది రోజులు హైదరాబాద్‌లో గడిపి, అక్కడ నమ్మకమైన స్వతంత్ర వర్క్‌షాపు తెలిసినవారికి.

కాగితాలు

హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ కార్లు చౌకగా కనిపిస్తాయి. వేరే రాష్ట్రపు కారైతే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ జీవిత పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడ కట్టిన పన్ను తిరిగి రాబట్టుకోవడం ఓపిక పట్టాల్సిన పని. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై వచ్చిన ఆంక్షలు అక్కడి ధరలు తగ్గడానికి ఒక కారణం. ప్రైవేటు కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి, పదకొండేళ్ల కారు కొని నాలుగేళ్లు నడిపితే మీరు అమ్మబోయేది రిజిస్ట్రేషను తీరిపోతున్న కారు. మీ దగ్గర కొనబోయేవాడు అదే పట్టుకుని బేరమాడతాడు. అమ్మేవారి ఫ్యాన్సీ నంబరుకు మాత్రం రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి.

చూడడానికి వెళ్లేటప్పుడు ముందురోజే ఫోను చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్టు చేయవద్దని చెప్పండి. చల్లని ఇంజిన్ మొదటి పది సెకన్లు చేసే శబ్దంలో చెయిన్ గరగర ఉంటే వినిపిస్తుంది, పొగ రంగు కనిపిస్తుంది. వెళ్లాక బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వెనక్కి వచ్చేయండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. 30,000 కిలోమీటర్లే తిరిగిందంటున్న కారుకు నాలుగు టైర్లూ నిరుడు తయారైనవైతే, పాతవి ఎందుకు మార్చారో అడిగి, సర్వీసు రికార్డులోని కిలోమీటర్లతో సరిచూసి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.